సింగపూర్ గడియారం, రమాదేవి అరగంట

టాటానగర్‌లో తెలుగువాళ్ళుండే సీతారాండేరాలో గణపతిరావుకి ఉన్నంత పని ఇంకెవరికీ లేదు. ఆ సంగతి ఆయనే అందరికీ చెప్పేవాడు కాబట్టి అందరికీ తెలుసు. టెల్కో కాలనీ దగ్గర లారీల కార్ఖానాలో ఆయన స్టోర్సు గుమాస్తా. పొద్దున్న ఏడింటికి షిఫ్టు బస్సెక్కి సాయంత్రం నాలుగున్నరకి దిగేవాడు. దిగాక అసలు పని మొదలయ్యేది. తెలుగు వికాస సంఘానికి ఆయన కార్యదర్శి. సంఘం భవనంలో ముందు గది కార్యవర్గ సమావేశాలకి, వెనక గది పేకాటకి. రెండింటికీ సభ్యులు వాళ్ళే కావడంతో ముందు గదికి ఎక్కువగా తాళం ఉండేది.

"టైం చాలడం లేదు బాబూ," అంటూ ఆయన రోజూ సాయంత్రం ఇంట్లోంచి బయల్దేరేవాడు.

భార్య రమాదేవికి ఇంత పని లేదు. టాటానగర్ స్టేషన్‌లో రైల్వే టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఆవిడ ఆపరేటరు. గ్యాంగ్‌మన్‌గా చేస్తూ చనిపోయిన తండ్రి తవిటయ్యకి బదులుగా వచ్చిన ఉద్యోగం అది. నాలుగింటికి లేచి, వంట చేసి, అత్తగారు సింహాచలమ్మకి నీళ్ళు కాచి, తొమ్మిదో తరగతి చదివే కూతురు జానకికి క్యారేజీ కట్టి, ఐదుంపావు మినీబస్సు పట్టుకుని ఆరింటికల్లా హెడ్‌ఫోను తగిలించుకునేది. మధ్యాహ్నం రెండు దాకా చక్రధర్‌పూర్‌నీ ఖరగ్‌పూర్‌నీ కలిపి, విడదీసి, మధ్యలో ఇద్దరి చేతా తిట్లు తినేది. కూర్చుని చేసే ఉద్యోగం గనక దాన్ని విశ్రాంతి కిందే జమ కట్టాలని గణపతిరావు అభిప్రాయం. విశ్రాంతి తీసుకుని ఇంటికి వచ్చిన మనిషి గిన్నెలు తోమి, బట్టలు ఉతికి, రాత్రి వంట చూడటంలో ఆయనకి వింతేమీ కనపడలేదు.

1985 వేసవిలో రమాదేవి తమ్ముడు ఆదిబాబు వచ్చాడు. అతను విశాఖపట్నం నుంచి పోయే సరుకు ఓడలో వంటవాడు. బావ కోసం సింగపూర్ నుంచి అరచేతిలో పట్టే ఒక వస్తువు తెచ్చాడు. వెండి రంగు రేకు, మధ్యలో గాజు కిటికీ, అటొకటీ ఇటొకటీ రెండు ఎర్ర బొత్తాలు. గాజులో టైము అంకెల్లో కనపడుతోంది. అంకెల కింద మీసాలున్న చిన్న నల్ల బొమ్మ బాల్చీ పట్టుకుని నిలబడి ఉంది. వాడి మీద సెకనుకొక చినుకు పడుతోంది.

"బావా, ఇది గడియారమే గానీ, దీన్లో వీడియో గేము కూడా ఉంది. ఇక్కడ నొక్కితే..." అని ఆదిబాబు మొదలుపెట్టాడు.

"తెలుసులేవయ్యా," అంటూ గణపతిరావు చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. సంఘం నాటకం రిహార్సలుకి అప్పటికే ఆలస్యమైపోయింది.

మర్నాడు ఆ వస్తువు ముందు గదిలో అద్దాల షోకేసు ఎక్కింది. ప్లాస్టిక్ గులాబీలకీ, సంఘం వాళ్ళు ఇచ్చిన జ్ఞాపికకీ మధ్య దాన్ని నిలబెట్టి, వచ్చినవాళ్ళకి గణపతిరావు చూపించేవాడు. "సింగపూర్ గడియారం. మన గడియారాల్లో సెకన్లకి ముల్లుంటాది. దీన్లో చినుకు. దిమాగ్ అంటే వాళ్ళదండి."

జులై వచ్చింది. వాళ్ళది పెంకుటిల్లు. పెంకులు మూడేళ్ళుగా జారిపోయి ఉన్నాయి. పనివాణ్ణి పిలిచి సర్దించడానికి గణపతిరావుకి టైము దొరకలేదు. వాన పడితే నాలుగు చోట్ల కారేది. రమాదేవి రెండు బాల్చీలూ ఒక గిన్నే ఒక పాత డేగిశా పట్టుకుని అటూ ఇటూ తిరిగేది.

అలాంటి ఒక మధ్యాహ్నం, అత్తగారు పడుకున్నాక, రమాదేవి షోకేసు తుడుస్తూ గడియారం చేతిలోకి తీసుకుంది. గుడ్డ తగిలి ఎర్ర బొత్తం నొక్కుకుపోయింది. టైము మాయమై సున్నా కనిపించింది. పిక్ మని శబ్దం వచ్చింది. బొమ్మ నెత్తిన ఇంటికప్పు పుట్టింది. కప్పులో నాలుగు చోట్ల నుంచి చినుకులు దిగసాగాయి. ఎడమ బొత్తం నొక్కితే మీసాలవాడు ఎడమకి పరిగెత్తాడు, కుడి బొత్తం నొక్కితే కుడికి. బాల్చీలో చినుకు పడితే ఒక అంకె పెరిగింది. మూడు చినుకులు నేల మీద పడగానే కప్పు కూలి వాడి మీద పడింది.

తను ఇంట్లో ఊరికే చేస్తున్న పనిని సింగపూర్‌లో ఆటగా అమ్ముతున్నారని రమాదేవికి అప్పుడే తెలిసింది. కాకపోతే ఒక తేడా ఉంది. ఇందులో చినుకు పట్టుకున్న ప్రతిసారీ ఒక అంకె పెరుగుతోంది. ఆమె పెళ్ళయిన పదహారేళ్ళలో ఏ పని చేసినా ఎక్కడా ఏ అంకే పెరగలేదు. నిలబడే ఇంకోసారి ఆడింది. తర్వాత ఇంకోసారి. తలెత్తి చూసేసరికి అసలు డేగిశా నిండి గదిలోకి పొర్లుతోంది.

ఆ రోజు నుంచి ఆమెకి టైము కావలసి వచ్చింది. అంతకుముందు అలాంటి వస్తువు అవసరం పడలేదు కాబట్టి అది ఎక్కడ దొరుకుతుందో కూడా తెలియదు. వెతకడం మొదలుపెట్టింది. కుక్కరు మొదటి కూతకీ మూడో కూతకీ మధ్య కొంచెం దొరికింది. వీధి కుళాయి కింద బిందె నిండే లోపల కొంచెం, గడియారాన్ని కొంగులో దాచుకుని. శనివారం దేవుడి గదిలో కళ్ళు మూసుకోవలసిన చోట కొంచెం. అన్నిటికంటే పెద్ద ముక్క మూడింటి నుంచి మూడున్నర, అత్తగారి నిద్ర. ఎక్స్‌ఛేంజీకి మాత్రం ఎప్పుడూ పట్టుకెళ్ళలేదు. అక్కడ జీతం ఇస్తున్నారు కదా అనుకునేది.

కొన్ని వారాలకి ఆమె స్కోరు వందలు దాటింది. రోజంతా తీగలు ఒక కన్నంలోంచి తీసి ఇంకో కన్నంలో గుచ్చే వేళ్ళవి. మీసాలవాడు ఆ వేళ్ళ కింద ఒక్క క్షణం ఊపిరి పీల్చుకోలేదు.

ఒకరోజు మూడుంపావుకి లోపలి గదిలోంచి సింహాచలమ్మ గొంతు వినిపించింది.

"రమా, ఆ పిట్టేటే?"

రమాదేవి చెయ్యి ఆగిపోయింది. "ఏ పిట్టత్తా?"

"నాను పడుకున్నాక రోజూ వత్తాది. పిక్ పిక్ మంటాది. ఇయ్యాల మరీ ఎక్కువ సేత్తంది."

ఇంతలో కర్ర తాటించుకుంటూ ఆవిడే వచ్చి గుమ్మంలో నిలబడింది. డెబ్బై ఏళ్ళ మనిషి, మోకాళ్ళు పట్టేసినా చెవులు బాగా పనిచేస్తాయి. కోడలి చేతిలోకి వంగి చూసింది.

"ఇది మావాడి గడియారం కదేటి. లోపలోడేటి సేత్తన్నాడు?"

"ఇల్లు కారతంది అత్తా. బాల్చీ పట్టుకుని పరిగెడతన్నాడు."

"మగోడా?"

"మీసాలున్నాయి కదత్తా."

సింహాచలమ్మ కర్ర గోడకి ఆనించింది. "మగోడు బాల్చీ అట్టుకున్నాడా. ఏదీ, ఇలాగియ్యి, సూత్తాను."

చూసింది గానీ చినుకులు కనపడలేదు. ఆవిడకి కళ్ళు మసకలు వచ్చి రెండేళ్ళయింది. సాక్చీలో డాక్టరుకి చూపించాలని గణపతిరావు అప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నాడు. వచ్చే ఆదివారం అనేవాడు. ఆదివారాలన్నీ సంఘానికి పోయాయి. రమాదేవి ఆ వారంలోనే సెలవు పెట్టి, అత్తగారిని రిక్షాలో కూర్చోబెట్టి తీసుకెళ్ళి కళ్ళజోడు చేయించుకొచ్చింది. "అమ్మకి కళ్ళజోడు చేయించాను. కన్నతల్లి కోసం ఆ మాత్రం టైము తీయకపోతే ఎలా?" అని గణపతిరావు సంఘంలో చెప్పాడు. అందరూ మెచ్చుకున్నారు.

కళ్ళజోడు వచ్చాక సింహాచలమ్మ మొదటి రోజు తొమ్మిది చినుకులు పట్టింది. రెండోరోజు మధ్యాహ్నం నిద్ర మానేసింది. దాంతో రమాదేవి అరగంట పావుగంటయింది. అయినా ఆమె బాధపడలేదు. అత్తాకోడళ్ళు పదహారేళ్ళుగా చింతపండు గురించీ బట్టల సబ్బు గురించీ తప్ప మాట్లాడుకోలేదు. ఇప్పుడు మాట్లాడుకోవడానికి ఒక కొత్త విషయం దొరికింది.

"ఎడం పక్కది ముందు పడతాదే. దాన్నొగ్గీకు," అనేది అత్తగారు.

"ఒగ్గనులే. నువ్వు బొత్తం అలా గట్టిగా నొక్కీకత్తా, ఇరిగిపోద్ది."

అన్నీ సవ్యంగా సాగిపోయేవే, బ్యాటరీల గొడవ లేకపోతే. నవంబరు వచ్చేసరికి సింగపూర్ గడియారం మూడోసారి మసకబారింది. గణపతిరావు దాన్ని పట్టుకుని సాక్చీ బజారులో గడియారాలు బాగుచేసే ఘోష్‌బాబు దగ్గరికి వెళ్ళాడు. విదేశీ సరుకంతా పైపై మెరుపేనని అప్పటికే నలుగురికి చెప్పి ఉన్నాడు.

ఘోష్‌బాబు కంటికి భూతద్దం తగిలించుకుని, ఏదో బొత్తం నొక్కి, అద్దం తీసి గణపతిరావు వైపు చూశాడు. టైము మాత్రమే చూసుకుంటే ఈ బ్యాటరీ ఏడాది వస్తుందని హిందీలో చెప్పాడు. తర్వాత మసకగా కనపడుతున్న అంకె చూపించాడు. పదిహేడు వందల పదహారు. ఈ బ్యాటరీ వేశాక మీ ఇంట్లో ఎవరో ఆడిన ఆటల్లో అన్నిటికంటే పెద్ద స్కోరు ఇదన్నాడు. "ఆప్‌కే ఘర్ మే ఉస్తాద్ కౌన్ హై, బాబూ?" అంటూ మీ ఇంట్లో ఆ మొనగాడెవరని ఎంతో గౌరవంగా అడిగాడు.

ఆ గౌరవం గణపతిరావుకి రుచించలేదు. ఇంటికి రాగానే జానకిని పిలిచాడు. పిల్లలే ఇలాంటి పనులు చేస్తారని ఆయనకి తెలుసు.

"చదువు మానేసి దీంతో ఆడతన్నావా?"

జానకి పుస్తకంలోంచి తలెత్తింది. "మై నహీ, పాపా. మా సే పూఛో."

అమ్మని అడగమనడం ఏమిటో ఆయనకి ఒక నిమిషం అర్థం కాలేదు. వంటింటి గుమ్మంలో రమాదేవి చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"నేనేనండి," అంది.

గణపతిరావు కుర్చీలో కూర్చున్నాడు. "ముప్ఫై ఏడేళ్ళొచ్చాయి నీకు. ఉద్యోగం చేస్తన్నావు. ఇంట్లో పెద్దావిడ, ఎదిగిన పిల్ల. ఇదేం పని?"

"పని కాదండి. ఆట."

"ఆటలాడ్డానికి నీకు టైమెక్కడిది?"

"మీకు పేకకి ఎక్కడిదండి?"

"అది సంఘం," అన్నాడు గణపతిరావు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "నలుగురూ కలవాలి, నాలుగు మాటలు చెప్పుకోవాలి. చేతిలో ముక్కలుంటేనే మనుషులు కూర్చుంటారు. అది వేరు, ఇది వేరు."

ఈ మాటలు జరుగుతున్నంతసేపూ సింహాచలమ్మ తన వక్కల డబ్బా కోసం మంచం కింద వెతుకుతోంది. డబ్బా ఆవిడ చేతిలోనే ఉంది. ఈ పాపంలో తనకీ సగం వాటా ఉందని ఆవిడ చెప్పలేదు. రమాదేవి కూడా చెప్పలేదు. గడియారం కొత్త బ్యాటరీతో తిరిగి షోకేసులోకి వెళ్ళింది. షోకేసుకి మొదటిసారి తాళం పడింది. తాళంచెవి గణపతిరావు చొక్కా జేబులోకి వెళ్ళింది.

ఆ తర్వాత రెండు వారాలు రమాదేవి ఎవరితోనూ పోట్లాడలేదు. కుక్కరు ముందు నిలబడి కూతలు లెక్కపెట్టేది. బిందె నిండేదాకా నీళ్ళని చూసేది. ఇంతకుముందు కూడా ఇలాగే నిలబడేది గానీ, అప్పుడు నిలబడ్డట్టు ఆమెకి తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది. వేళ్ళు కొంగు అంచుని అటూ ఇటూ నొక్కుతూ ఉండేవి. సింహాచలమ్మ మంచం మీంచి అది చూస్తూ ఉండేది.

మూడోవారం ఆవిడ కొడుకుని పిలిచింది.

"గణపతీ, నాను మందులేసుకోవాల. నాకు టైము తెలవడం లేదురా."

"గోడ గడియారం ఉంది కదమ్మా."

"అది నాకు అవుపడదు."

"కళ్ళజోడు చేయించాను కదా."

"సేయించినావులే. అది దగ్గరకి. గోడ దూరంగా ఉంది. ఆ సింగపూర్దయితే సేతిలో ఉంటాది."

తల్లి మందుల విషయంలో అడ్డు చెప్పేంత చెడ్డవాడు కాడు గణపతిరావు. తాళంచెవి ఇచ్చేశాడు. ఆవిడ దాన్ని కొంగుకి ముడేసుకుంది. మర్నాటి నుంచి మధ్యాహ్నం మూడింటికి తలుపు గడియ వేసుకుని అత్తాకోడళ్ళిద్దరూ మందులేసుకునేవారు.

ఇదేమీ తెలియని గణపతిరావు ఈలోగా పెద్ద ఎత్తున ఆలోచిస్తున్నాడు. తన ఇంట్లోనే ఇలా ఉంటే మిగతా ఇళ్ళ సంగతేమిటని ఆయనకి బెంగ పట్టుకుంది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయంత్రం నాలుగింటికి సంఘం భవనంలో సభ పెట్టాడు. విషయం: ఉద్యోగినులు, కాలం విలువ. వక్త గణపతిరావు. కార్ఖానాలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన అప్పన్నగారు ముఖ్య అతిథి. ఆడవాళ్ళంతా తప్పకుండా రావాలని ఇంటింటికీ కబురు వెళ్ళింది. పనులు సగంలో వదిలేసి వాళ్ళు నాలుగింటికే వచ్చి కూర్చున్నారు. ముఖ్య అతిథి ఐదుంపావుకి వచ్చాడు. కాలం విలువ గురించిన సభ ఐదున్నరకి మొదలైంది.

రమాదేవి ముందు వరసలో కూర్చుంది. పక్కన సింహాచలమ్మ, శాలువా కప్పుకుని. గణపతిరావు ముప్పావుగంట మాట్లాడాడు. మధ్యమధ్య భార్య వైపు చూశాడు, ఆమెని దృష్టిలో పెట్టుకుని చెప్పడం లేదని అందరికీ తెలియడం కోసం.

"అరగంటే కదా అనుకుంటాం," అన్నాడాయన. "రోజుకి అరగంట చొప్పున..."

పిక్, అని వినిపించింది.

ఆయన ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. పిక్, పిక్. ముందు వరసంతా రమాదేవి వైపు తిరిగింది. రమాదేవి రెండు చేతులూ ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి. ఆమె కూడా కంగారుగా పక్కకి చూసింది. శాలువా లోపల ఏదో కదులుతోంది.

"అమ్మా," అన్నాడు గణపతిరావు మైకులో.

"ఉండు నాయనా," అంది సింహాచలమ్మ తలెత్తకుండా. "ఇంకొక్క సినుకు పడితే కొంప కూలిపోద్ది."

ఎవరో నవ్వారు. తర్వాత వెనక వరసలూ నవ్వాయి. అప్పన్నగారు వేదిక మీంచి వంగి, ఏమిటది అని అడిగాడు. చూపించమన్నాడు. చూడ్డానికి కిందికి దిగాడు. ముప్ఫై ఐదేళ్ళు యంత్రాల మధ్య బతికిన మనిషికి, ఇంటి దగ్గర ఏడాదిగా ముట్టుకోవడానికి ఒక్క బొత్తమూ లేదు. సింహాచలమ్మ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మొదటిసారి నాలుగు చినుకులు పట్టాడు. రమాదేవి లేచి వెళ్ళి, ఎడమవైపు చినుకు ముందు దిగుతుందని ఆయనకి చూపించింది. పావుగంటలో వాళ్ళ చుట్టూ జనం గుమిగూడారు. వేదిక మీద గణపతిరావు కాగితాలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. చివరికి వందన సమర్పణ కూడా ఆయనే చేసుకున్నాడు.

ఇంటి వాకిట్లోకి వచ్చాక గణపతిరావు అడిగాడు.

"ఇన్నాళ్ళూ అమ్మ కూడా ఆడతందా?"

"కళ్ళజోడు వచ్చినకాడ నుంచి," అంది రమాదేవి.

"మరి ఆ రోజు నువ్వొక్కదానివే మాటలు పడ్డావేం?"

ఆమె తాళం తీసింది. "ఇద్దరం పడితే ఎక్కువసేపు తిట్టేవారండి. వంట ఆలస్యమైపోయేది."

గణపతిరావు ఉపన్యాసం కాగితాలు నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. ఆమెకి జాలేసింది, కానీ ఆ జాలిని కూడా ఉపయోగించుకుంది. "రేపటి నుంచి సాయంత్రం ఐదు నుంచి ఐదున్నర దాకా నన్నెవరూ పిలవకండి," అంది. "దాక్కుని ఆడలేను. పిలిస్తే పలకను. టీ మీరు పెట్టుకోండి."

సోమవారం నాడు గణపతిరావు టీ పెట్టుకున్నాడు. పంచదార ఎక్కడుందో రెండుసార్లు పిలిచి అడిగాడు. ఆమె పలకలేదు. మూడోసారికి డబ్బా ఆయనకే కనిపించింది. సంఘంలో ఆ టీ గురించి నెల రోజులు చెప్పాడు. ఉద్యోగం చేసే ఆడవాళ్ళకి రోజుకి అరగంట విశ్రాంతి ఇవ్వాలన్నది తన ఆలోచనేననీ, ఆనాటి ఉపన్యాసంలో చివర ఆ మాటే చెప్పబోతుంటే సభ ఆగిపోయిందనీ అన్నాడు. అప్పన్నగారు తలూపాడు. ఆయన మంగళవారం, శుక్రవారం ఐదింటికి వాళ్ళింటికి వచ్చి ఆడి వెళ్ళేవాడు.

ఏప్రిల్లో ఒక సాయంత్రం పక్కింటి పైడితల్లి వచ్చింది. సిద్ధగోరాలో నాలుగిళ్ళలో అంట్లు తోముతుంది. మొగుడు పోలయ్య కాంట్రాక్టులు చేసే ఠేకేదారు దగ్గర కూలీ. ఐదింటికి ఇక్కడ ఎవరూ ఎవర్నీ పిలవరట కదా అని ఆమె విన్నది. సింహాచలమ్మ పక్కకి జరిగి గడియారం చెయ్యి చాపి ఇచ్చింది.

"ఒద్దమ్మా," అంది పైడితల్లి. "నాకు ఆట రాదు. నేర్సుకునే ఓపిక కూడా లేదు. ఇక్కడ కాసేపు ఉంటాను, అంతే."

రమాదేవి చాప వేసింది. పైడితల్లి గోడ వైపు తిరిగి పడుకుని, కొంగు మొహం మీదకి లాక్కుంది. పిక్ పిక్ శబ్దం ఆమెకి అడ్డు రాలేదు. అయిదు నిమిషాల్లో నిద్రపోయింది.

కాసేపటికి పోలయ్య వాకిట్లోకి వచ్చాడు. "మా పైడితల్లి ఇక్కడికొచ్చిందా? పొయ్యి కూడా ఎలిగించలేదు."

సింహాచలమ్మ గాజు మీంచి చూపు తిప్పలేదు.

"ఆట మీదుంది," అంది. "అరగంటాగి రా."

పోలయ్య లోపలికి తొంగి చూశాడు. చాప మీద పడుకున్న పెళ్ళాన్ని చూశాడు. అది ఏ ఆటో అతనికి అర్థం కాలేదు గానీ, అడగడానికి లోపల ఎవరూ ఖాళీగా లేరు. చెప్పులు విడిచి గుమ్మం పక్కన గొంతుక్కూర్చున్నాడు.